సందేహాలు – సమాధానాలు: మొక్కినవారెవరు, మొక్కుకున్నవారెవరు?

సందేహం: పిల్లలకు పాఠాలు చెప్పడానికి వచ్చే నెలలో టాంజానియా వెళ్తున్నాను. పొరుగింటి పెద్దావిడ "నీ కోసరం కాణిపాకం వినాయకుడికి మొక్కుకున్నాను, ధైర్యంగా పోయి రామ్మా" అన్నారు. ఆ మాటతో నా బెదురు సగం తగ్గింది. అయితే 'కొను' తనకోసం చేసుకొనే పనికే చెల్లుతుందనీ, 'మొక్కాను' అనడమే సాధువనీ మా సహోద్యోగి అంటున్నారు. నిజమేనా?
— ఒక ఉపాధ్యాయిని, తిరుపతి

సమాధానం: మీ సహోద్యోగి సూత్రాన్ని సరిగానే గుర్తుంచుకున్నారు గాని, మొక్కులో ఫలం ఎవరిదో భారం ఎవరిదో విడదీసి చూడలేదు. కొడుకు చదువు కోసం తండ్రి అప్పు తీసుకున్నాడంటే చదువు కొడుకుది, అప్పు తండ్రిది. అలాగే ఇక్కడ క్షేమం మీది; మీరు చల్లగా చేరితే కాణిపాకం వెళ్ళి టెంకాయ కొట్టవలసిన బాధ్యత ఆవిడది. ఆ బాధ్యతను తనమీద వేసుకున్నారని చెప్పేదే ఆ 'కొను'. 'మొక్కు తీర్చుకొను' అనడంలోనూ అదే ఉంది.

'మొక్కు'కు పూర్వరూపం 'మ్రొక్కు'. ప్రొద్దు పొద్దయినట్లు, క్రొత్త కొత్తయినట్లు ఇందులోనూ రేఫ జారిపోయింది. దీని మొదటి అర్థం నమస్కరించడమే. పోతన భాగవతారంభంలో శివుణ్ణి స్తుతిస్తూ "వాలిన భక్తి మ్రొక్కెద" అంటాడు. ఆ వినాయకుడికే చెప్పిన పద్యం ఇంకా ముచ్చటైనది: "ఆదరమొప్ప మ్రొక్కిడుదు" అని క్రియను ముందే నిలిపి, "దోషభేదికి" అనీ, "మోదకఖాదికిన్ సమదమూషకసాదికి" అనీ షష్ఠీ విభక్తిని వరుసగా పేర్చుకుంటూ పోతాడు. ఉండ్రాళ్ళు తినేవాడికి, పొగరెక్కిన ఎలుకనెక్కి తిరిగేవాడికి, ఇలా పద్యమంతా ఆ ఒక్క క్రియనే పట్టుకొని వేలాడుతుంది. అక్కడ పోతన ఏ ముడుపూ కట్టడం లేదు, వంగి దండం పెడుతున్నాడు. కనుకనే 'కొను'తో పని పడలేదు.

'ప్రార్థన'లో ఉన్నది అడగడం. 'దువా' కూడా అంతే. ఎవరి నోట వచ్చినా ఆదరించదగిన మాటలివి. "మీ ప్రార్థనల్లో నన్ను ఉంచండి" అనే నేటి వాక్యం మాత్రం నాకు మింగుడుపడదు. "నా కోసం ప్రార్థించండి" అంటే సరిపోయేదానికి ఇంత వంకర ఎందుకు? నిష్ఠగా చెల్లించే మొక్కుబడిని, శ్రద్ధలేని పనికి 'మొక్కుబడిగా చేశారు' అని వాడి పత్రికలు దిగజార్చిన తీరు ఇంకా బాధాకరం. ఆ వాడుక స్థిరపడిపోయింది, ఇక మరలించలేమేమో.

'మీ కోసం మొక్కాను' తప్పని నేను తీర్పు చెప్పను. దండం పెట్టడం వరకే చెప్పదలచినప్పుడు అది చక్కగా నప్పుతుంది. పెద్దావిడ మాటను మాత్రం దిద్దవద్దు. మీ ప్రయాణంలో తన వంతు బరువు కొంత ఎత్తుకున్నానని ఆవిడ చెప్పారు. మీకు కలిగిన ధైర్యానికి ఆ 'కొను' కూడా ఒక కారణమని నా నమ్మకం.