రెండున్నరేళ్ల బాబు కొరుకుతున్నాడు, కంచం విసురుతున్నాడు: ముందు ఏ వేళలో చేస్తున్నాడో చూడండి

మీ బాబుకు రెండున్నరేళ్లు, కోపం వస్తే కొరుకుతున్నాడు, కంచం విసిరేస్తున్నాడు, రెండు తగిలిస్తే దారికొస్తాడని అత్తగారు అంటున్నారని రాశారు. దయచేసి కొట్టవద్దండి. పెద్దవాళ్లు కొట్టడం చూస్తే, కోపం వచ్చినప్పుడు కొట్టవచ్చనే ఆ వయసు పిల్లవాడికి అర్థమవుతుంది. ముందు ఎందుకు చేస్తున్నాడో పట్టుకోవాలి.

మాది విశాఖలోని గాజువాక. మా పాప కూడా ఆ వయసులో రక్కేది, జుట్టు పట్టుకుని లాగేది. కొన్ని వారాలు హాయిగా ఆడుకునేది, కొన్ని వారాలు సాయంత్రమయ్యేసరికి ఇల్లు పీకి పందిరి వేసేది. పేచీ పెట్టిన ప్రతిసారీ ఎన్ని గంటలకు పెట్టింది, అంతకుముందు ఏం జరిగింది అన్నది గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాసుకుంటూ వచ్చాను. చూస్తే, అవన్నీ మా వారికి ప్లాంటులో మధ్యాహ్నం షిఫ్టు పడిన వారాలే. రాత్రి ఆయన వచ్చేదాకా పాప కన్ను మూసేది కాదు, పొద్దున మాత్రం మామూలు వేళకే లేచేది. ఏడాది నిండి మూడేళ్లు నిండని పిల్లలకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా పాపకు అంత నిద్ర ఎక్కడిది? నాన్నతో ఆటలు పొద్దుటికి మార్చి, రాత్రి తొమ్మిదికల్లా లైటు ఆర్పేయడం మొదలుపెట్టాక రక్కడం చాలావరకు తగ్గింది.

మీ బాబు విషయంలో కారణం వేరే కావచ్చు. ఆకలి, మన ఊరి వేసవి ఉక్కపోత, మలబద్ధకం, చెవిపోటు, ఇంట్లో కొత్తగా పుట్టిన తమ్ముడో చెల్లో, ఏదైనా కావచ్చు. రెండో దవడ పళ్లు వచ్చేది కూడా ఈ వయసులోనే కాబట్టి చిగుళ్లు ఒకసారి చూడండి. అన్నిటికన్నా పెద్ద కారణం మాటలు చాలకపోవడం. మా పాప పప్పన్నం కంచం తోసేస్తే అన్నం వద్దేమో అనిపించేది. నిజానికి చెంచా తన చేతికి ఇవ్వమని అడగడం తనకు రాదు.

కొరికిన క్షణంలో ఉపన్యాసాలు పనిచేయవు. కింద కూర్చుని, చేతులు మెల్లగా పట్టుకుని, "కోపం వచ్చింది కదా నాన్నా, కొరకకూడదు" అని చెబితే చాలు. ఏడుపు ఆపడానికి ఫోను మాత్రం ఇవ్వకండి. అడిగింది కాదన్నాక, ఏడ్చాడని ఇవ్వకండి. ఈ ఒక్క విషయంలో ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి, అత్తగారితో సహా.

ఆట మధ్యలో లేవదీయడం కూడా పేచీకి మూలమే. ఆర్.కె. బీచ్‌లో "ఇంకో అయిదు నిమిషాలు" అంటే ఆ వయసుకు ఏం తెలుస్తుంది? మేము "మూడు అలలు చూసి వెళదాం" అని, తనతోనే లెక్కపెట్టించేవాళ్లం. మూడో అల కాళ్లను తాకగానే పాప చెప్పులు అడిగేది. అన్నిసార్లూ కాదు గానీ, ఎక్కువసార్లు.

పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఇప్పటికీ రెండు మాటలు కలిపి అనలేకపోతున్నా, వచ్చిన మాటలు పోయినా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించి, వినికిడి పరీక్ష కూడా అడగండి. గుక్కపట్టి ఏడ్చి నీలంగా మారిపోతుంటే రక్తంలో ఇనుము తక్కువేమో చూస్తారు.

ప్లే స్కూల్లో వేస్తే మారతాడా అని కూడా అడిగారు. కారణం తెలిసేదాకా ఆగండి. కొత్త చోటు, కొత్త మనుషులు తోడైతే కొరకడం ఇంకా పెరగవచ్చు. ఈ రెండు వారాలూ ఏ వేళకు పేచీ పెడుతున్నాడో రాసి ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.