ముందు మధ్యలో కోసి చూడు

నెల్లూరు,
బుధవారం మధ్యాహ్నం

నాయనా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆదివారం పొద్దున అమ్మాయికి నువ్వే ఫ్రెంచ్ టోస్ట్ చేసి పెడతావంట. అదీ మామూలు బ్రెడ్డు ముక్కలతో కాదు, అక్కడ మద్రాసులో ఏదో కేఫ్‌లో తిన్నట్టు ఇంత లావు ముక్కలతో. ఆరో నెల కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగిందని. ముందు నవ్వొచ్చింది. మన ఇంట్లో మగవాళ్లు వంటింటి గడప దాటేది మంచినీళ్ల కోసమే. పాలు పొంగుతున్నా స్టవ్ కట్టెయ్యకుండా, అక్కడే నిలబడి నన్ను కేకేసే రకం మీ తాతయ్య. నువ్వు అట్లకాడ పట్టుకుంటానంటే గర్వంగానే ఉంది, పక్కింటావిడకు కూడా చెప్పేశాను. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. లావు ముక్క, గుడ్డు, కడుపుతో ఉన్న పిల్ల. అందుకే కాగితం తీశాను. ఫోన్లో అయితే ‘సరే అమ్మమ్మా, సరే అమ్మమ్మా’ అని పెట్టేస్తావు.

బ్రెడ్డు శుక్రవారం సాయంత్రమో శనివారం పొద్దునో కొను. కోయని బ్రెడ్డు అడిగి, అంగుళం మందాన కోయించుకో. ఆ పూట చేసిందైతే పాలు తగలగానే మెత్తబడి చేతిలో విరిగిపోతుంది. ఒకరోజు నిలవుంటే గట్టిపడి, పాలను లోపలిదాకా పీల్చుకుని కూడా నిలబడుతుంది. శనివారం రాత్రి ముక్కల్ని పళ్లెంలో పరిచి పైన పలచటి గుడ్డ కప్పి వదిలెయ్. ఫ్రెంచివాళ్లు దీన్ని ‘పాన్ పెర్దూ’ అంటారట, అంటే పోయిన రొట్టె అని. మీ అమ్మ చదివి వినిపించింది. చద్దన్నానికి మనం పోపు పెట్టుకోమా, వాళ్లదీ అదే తెలివి. మన హోటళ్లలో బాంబే టోస్ట్ అని పెట్టేదీ ఇదే కదా.

నిలవ బ్రెడ్డు అన్నాను గాని బూజు పట్టింది అనలేదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బ్రెడ్డు మూడో రోజుకే పచ్చ చుక్కలు వేస్తుంది. ఒక్క చుక్క కనపడినా ఆ ముక్క తీసేసి మిగతాది వాడొద్దు, మొత్తం పారెయ్. మెతుకు కిందపడితే కేకలేసే నేనే చెప్తున్నాను, పారెయ్.

నాలుగు ముక్కలకి మూడు గుడ్లు, ఒక గ్లాసుకి కాస్త తక్కువ పాలు, రెండు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు, రెండు ఏలకులు దంచి. కాచిన పాలు బాగా చల్లారాకే కలుపు, వేడివి పోస్తే గుడ్డు విరిగిపోతుంది. తెల్లసొన తీగలు లేకుండా గిలక్కొట్టు. దాల్చిన చెక్క పొడి వేస్తే బాగుంటుందని మీ అమ్మ అంటుంది. నాకు అది పలావు వాసన. మీ ఇష్టం.

ఇక అసలు సంగతి.

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుఫాను తీరం దాటింది. అప్పుడు మేం స్టోన్‌హౌస్‌పేటలో అద్దెకుండేవాళ్లం. మీ అమ్మ చంకలో పిల్ల. మీ తాతయ్య లైన్‌మన్. సూళ్లూరుపేట అప్పుడు మన జిల్లానే కదా, ఆ వైపు స్తంభాలన్నీ పడిపోయాయని జీపులో ఎక్కించుకుపోయారు. ఆరు రోజులు కబురు లేదు. ఏడో రోజు రాత్రి తలుపు కొట్టారు. మోకాళ్ల దాకా బురద, కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. తెల్లారి అయిదింటికి మళ్లీ జీపు వస్తుందన్నారు.

ఇంట్లో అన్నం అయిపోయింది. పక్కింటివాళ్లిచ్చిన కోయని బ్రెడ్డొకటి, రెండు గుడ్లు, చంటిపిల్లకని దాచిన పాలు ఉన్నాయి. టీ కొట్టు ఆవిడ దగ్గర కొత్తగా నేర్చుకున్న బాంబే టోస్ట్ గుర్తొచ్చింది. పలచగా కోస్తే ఆకలి ఆగదేమోనని రెండు వేళ్ల మందం కోశాను. ప్రేమ ఉంటే మందం పెంచడమే తెలుసు అప్పట్లో. కరెంటు లేదు, లాంతరు వెలుగు. నాది పంపు స్టవ్, రైలింజను లాగ రొద పెడుతూ మండేది. దాని సెగ తగ్గించబోతే ఆరిపోయేది. ఆయన ఆకలి మీద ఉన్నారని నేనే ఇంకో నాలుగుసార్లు పంపు కొట్టాను.

రెండు నిమిషాల్లో ఎర్రగా వచ్చేశాయి. నెయ్యి వాసన గుమ్మం దాటింది. ఒకదాని తర్వాత ఒకటి నాలుగు ముక్కలు తిన్నారు. ‘ఎలా ఉంది?’ అన్నాను. ‘బాగుంది’ అన్నారు. ఆయన పడుకున్నాక మిగిలిన ముక్క నేను విరిచాను. పైన మాడు, లోపల చల్లగా పచ్చి సొన. వేళ్ల సందుల్లోంచి కారింది.

రాత్రి రెండింటికి వాంతులు మొదలయ్యాయి. నా గుడ్డు వల్లేనో, ఆ ఆరు రోజులూ ఎక్కడి నీళ్లు తాగారో, ఇప్పటికీ తెలియదు. అయిదింటికి జీపు హారన్ మోగింది. మొహం కడుక్కుని ఎక్కి వెళ్లిపోయారు. అలా నీరసపడ్డ మనిషి స్తంభం ఎక్కుతారు కదా అని, నాలుగో రోజు ఆయన మళ్లీ తిరిగొచ్చేదాకా నేను పీటమీద నుంచి లేచిన జ్ఞాపకం లేదు. వచ్చాక అడిగాను, పచ్చిగా ఉందని ఎందుకు చెప్పలేదని. ‘వేడిగా ఉంది కదా’ అన్నారు. అంతే.

ఆ పిల్ల కూడా అలాంటిదే నాయనా. నువ్వు మొదటిసారి చేసి పెడుతున్నావు, పచ్చిగా ఉన్నా బాగుందనే అంటుంది. కడుపుతో ఉన్నవాళ్లు సగం ఉడికిన గుడ్డు తినకూడదని మీ డాక్టరమ్మ చెప్పే ఉంటుంది. కాబట్టి ఎలా ఉందని ఆ పిల్లను అడగకు. ముందు మధ్యలో కోసి నువ్వే చూడు. కత్తికి తడి సొన అంటితే మళ్లీ పెనం మీదికే. లోపల జున్నులాగా గడ్డకట్టి మెత్తగా ఉండాలి, కారకూడదు. మాంసంలో గుచ్చి చూసే వేడి మీటరేదో నీ దగ్గరుందట. అది గుచ్చితే 71 డిగ్రీలు దాటాలని మీ అమ్మ రాయమంది.

పలచటి ముక్కకి పైన రంగు వచ్చేసరికి లోపలా అయిపోతుంది. లావు ముక్కకి రంగు ముందొస్తుంది, ఉడుకు వెనక వస్తుంది. అందుకని సన్న సెగ. ఒక్కో వైపు నిమిషం, నిమిషంన్నర నానబెట్టు, నొక్కకు. ఎత్తి పట్టుకుని కారేదంతా కారనిచ్చి పెనం మీద వెయ్. మూత పెట్టు. ఆ ఆవిరికి మధ్య భాగం ఉడుకుతుంది. నాలుగు నిమిషాలు పట్టనీ. తిప్పాక ఇంకో నాలుగు. చివర అర నిమిషం మూత తీస్తే పైన కరకరలాడుతుంది. పంచదార ఎక్కువేశావా, లోపల ఉడికేలోపే పైన మాడుతుంది. తీపి చాలకపోతే తినేటప్పుడు తేనె పోసుకోండి.

వెన్నతోనే చేయాలని వీడియోల్లో చెప్తారట. వెన్నలో మిగిలిన పాల పదార్థం మాడి నల్ల చుక్కలు వేస్తుంది. కాచిన నెయ్యికి ఆ బాధ లేదు. వెన్న రుచి కావాలంటే దించేముందు ఒక ముక్క వెయ్.

గుడ్డు కొట్టిన చేత్తో ఫోన్ పట్టుకోకు, సబ్బుతో కడుక్కో. పచ్చి సొన ముక్కలు పెట్టిన పళ్లెంలోనే అయిపోయినవి పెట్టకు. చాలామంది చేసే పని అది. మిగిలిన సొన ఫ్రిజ్‌లో దాచకు. పలచగా ఆమ్లెట్ వేసుకుని నువ్వు తిను.

ఇదంతా రాస్తుంటే మీ తాతయ్య కుర్చీలోంచి తొంగి చూసి, ఎవరికి అంత పెద్ద ఉత్తరం అన్నారు. చెప్పాను. ‘ఆ రోజు టోస్ట్ బాగానే ఉంది, వాణ్ని భయపెట్టకు’ అన్నారు. నలభై ఏళ్లయింది, ఇంకా అదే మాట. నేను ఆయన మాట నమ్మను, నువ్వూ నమ్మకు.

శనివారం మీ మామ మద్రాసు వస్తున్నాడు. అరకిలో నెయ్యి, ఉదయగిరి చెక్క అట్లకాడ పంపుతున్నాను. నీ నాన్‌స్టిక్ పెనం మీద ఇనపది గీరకు. ఆదివారం మొదటి ముక్క కోశాక, కోసిన వైపు ఫోటో తీసి పంపు, పైవైపు కాదు. నెయ్యి సీసా కడిగి ఆరబెట్టి మామ చేతికే ఇవ్వు, దానికి మూత బాగా బిగుస్తుంది.

మీ అమ్మమ్మ