ఇంజెక్షన్ల సంగతి తర్వాత.. ముందు ఆ నిద్రమాత్రలు వేరేవాళ్ల చేతికివ్వండి

ప్రశ్న: నా వయసు 20. హైదరాబాద్‌లో బీటెక్ సెకండియర్, హాస్టల్లో ఉంటాను. నేను గే అని ఒక్క ఫ్రెండ్‌కే చెప్పాను. ఆ చాట్ స్క్రీన్‌షాట్ క్లాస్ వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది. నా ఫొటోతో ఇన్‌స్టాలో ఫేక్ అకౌంట్ పెట్టి రోజూ బూతులు, మీమ్స్. రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. నిద్ర కోసం మెడికల్ షాపులో ఆల్‌ప్రజోలామ్ కొంటున్నాను, ఒకటి చాలక ఇప్పుడు రెండు. పొద్దున లేవకపోతే బాగుండనిపిస్తోంది. ఈ ఆకర్షణ పోవడానికి హార్మోన్ ఇంజెక్షన్లు ఉన్నాయట, నిజమేనా?
- ఎస్., అమీర్‌పేట

జవాబు: లేవు, అవసరమూ లేదు. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. దాన్ని 'మారుస్తాం' అనే వైద్యం తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చి చెప్పింది. ఎవరైనా చేస్తామంటే లేచి వచ్చేయండి.

'పొద్దున లేవకపోతే బాగుండు' అని రాసి దాటిపోయారు. నేను దాటలేను. అలాంటి ఆలోచన ఉన్నవాళ్ల దగ్గర నిద్రమాత్రల స్ట్రిప్ ఉండకూడదు. ఈ రోజే ఎవరో ఒకరికి ఇచ్చేయండి, ఏ పూట మాత్ర ఆ పూటే అడిగి తీసుకోండి. రూమ్‌మేట్ కూడా మిమ్మల్ని వేధించే బ్యాచ్‌లోవాడైతే వార్డెన్‌కో, వేరే స్నేహితుడికో ఇవ్వండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఇప్పుడే ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. ఆలోచన ముదిరితే ఒంటరిగా ఉండొద్దు, 108కి చేయండి.

ఆల్‌ప్రజోలామ్ డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. అమ్మినవాడిది తప్పే, డాక్టర్ని అడక్కుండా మింగిన మీదీ కొంచెం తప్పే. శరీరం అలవాటుపడటం వల్లే ఒకటి రెండయింది. మొన్న ఓపీకి వచ్చిన ఒక కుర్రాడు పర్సులో ఏటీఎం కార్డు వెనక దాచిన స్ట్రిప్ తీసి చూపించాడు. 'రెండే మిగిలాయి సార్' అన్నప్పుడు గొంతులో బెదురు, వేళ్లలో వణుకు. అందుకని భయపడి ఒక్కసారిగా మానేయకండి, ఫిట్స్ రావచ్చు. మోతాదు పెంచొద్దు. మద్యం, బీరు అసలు ముట్టొద్దు, ఈ మాత్రతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. సైకియాట్రిస్ట్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

మెయిల్ చూసి డిప్రెషన్ అని ముద్ర వేయలేను. ఆరు కిలోలు తగ్గారంటే థైరాయిడ్, షుగర్ కూడా చూడాలి. ఖర్చు భయమైతే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఇంట్లో తెలుస్తుందని టెన్షన్ పడుతున్నారేమో. 2017 మానసిక ఆరోగ్య చట్టం మీ వివరాలు గోప్యంగా ఉంచమంటోంది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప డాక్టరు బయటపెట్టరు.

ఇక వేధించేవాళ్ల సంగతి. వాళ్లు మీమ్స్ డిలీట్ చేయకముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. లైంగికత పేరుతో వేధించడం కూడా ర్యాగింగేనని యూజీసీ 2016లో నిబంధనల్లో చేర్చింది. ర్యాగింగ్ ఫిర్యాదుల హెల్ప్‌లైన్ 1800-180-5522. ఫేక్ అకౌంట్‌పై సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఇవన్నీ వారం ఆగినా పర్లేదు, డాక్టర్ దగ్గరికి మాత్రం రేపే వెళ్లండి. ఖాళీ స్ట్రిప్‌లు ఉంటే పారేయకుండా పట్టుకెళ్లండి, ఎన్ని వాడారో లెక్క తెలియాలి.