అన్నయ్యగారి అబ్బాయి పక్కన నిలబెట్టి కొలవకండి

సికింద్రాబాద్ నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆయన కొడుక్కి పద్నాలుగేళ్లు. తొమ్మిదో తరగతి చదువుతూ, ఐదేళ్లుగా ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. ఎత్తు 150 సెంటీమీటర్లు. ఈమధ్య ఒక అకాడమీ సెలెక్షన్స్‌లో ఆట బాగుందని మెచ్చుకుంటూనే, ఇంకాస్త ఎదిగాక రమ్మని పంపేశారు. అప్పటినుంచి తండ్రి ప్రతి ఆదివారం కొడుకును గోడకు ఆనించి పెన్సిల్‌తో గీత గీస్తున్నారు, గుమ్మానికి కడ్డీ బిగించి వేలాడమంటున్నారు, టీవీ ప్రకటనల్లో చూసిన పొడులు పాలలో కలిపి ఇస్తున్నారు. ఆయన భార్య ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ఆ గీతల మీద సున్నం వేసేసింది. ఆయన అడుగుతున్నవి మూడు ప్రశ్నలు: ఇంత పొట్టివాడికి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో చోటుంటుందా, ఎత్తు పెంచే ఇంజెక్షన్లు వేయించవచ్చా, లేక ఇప్పుడే ఆట మాన్పించి చదువు మీద పెట్టమంటారా?

మీ మొదటి ప్రశ్నకు జవాబు చాలా తేలిక. అది మీకు ముందే తెలిసి ఉంటుందని కూడా నా అనుమానం. కొడుకు ఐదేళ్లుగా ఫుట్‌బాల్ ఆడుతున్న ఇంట్లో, మెస్సీ ఎత్తు 170 సెంటీమీటర్లేనన్న సంగతి తెలియకుండా ఉండదు. 1986 ప్రపంచకప్‌ను అర్జెంటీనాకు గెలిచి పెట్టిన మరడోనా 165 సెంటీమీటర్ల మనిషి. బ్రెజిల్ ఆటగాడు రొమారియో 167 సెంటీమీటర్లు. 1994 ప్రపంచకప్ సెమీఫైనల్లో పొడగరులైన స్వీడన్ డిఫెండర్ల మధ్య ఎగిరి, తలతోనే గోల్ చేశాడు. 2010 సంవత్సరపు అత్యుత్తమ ఆటగాడి ఎంపికలో చివరికి మిగిలిన ముగ్గురు మెస్సీ, ఇనియెస్తా, షావీ. ముగ్గురూ బార్సిలోనా క్లబ్బు శిక్షణలో పెరిగినవారే, ముగ్గురూ 170 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉన్నవారే. ఆ ఏటి ప్రపంచకప్ ఫైనల్లో 116వ నిమిషంలో స్పెయిన్‌ను గెలిపించిన గోల్ ఇనియెస్తాది. ఇక మీ ఊరి సంగతే చూస్తే, భారత జట్టుకు తొంభైకి పైగా గోల్స్ చేసిన సునీల్ ఛెత్రి 1984లో సికింద్రాబాద్‌లోనే పుట్టాడు. ఆయనా 170 సెంటీమీటర్ల వాడే.

వీళ్లంతా పొట్టిగా ఉండి కూడా నెగ్గారని జాలి కలిపి చెప్పుకోవడం నాకు నచ్చదు. పొట్టి ఆటగాడి శరీర భారం నేలకు దగ్గరగా ఉంటుంది, అడుగు చిన్నది, అందువల్ల పొడగరి ఒకసారి మళ్లేలోపు అతను రెండుసార్లు మళ్లగలడు. షావీ బంతి తన కాలికి చేరకముందే తల తిప్పి ఎవరెక్కడున్నారో చూసి పెట్టుకునేవాడు కాబట్టి, పెద్ద శరీరం వచ్చి తగిలేలోపు బంతి వేరొకరి దగ్గరికి వెళ్లిపోయేది. తనకన్నా బలమైన పిల్లల మధ్య పెరిగిన కుర్రవాడికి ఇలాంటి అలవాట్లు అవసరం కొద్దీ అబ్బుతాయి, బలంతో నెట్టుకుపోగలిగినవాడికి వాటిని నేర్చుకోవలసిన పని చాలాకాలం పడదు. అయితే గోల్‌కీపర్‌గా, గోల్ ముందు అడ్డు నిలిచే సెంటర్ బ్యాక్‌గా పొట్టివారు రాణించడం నిజంగానే కష్టం. 168 సెంటీమీటర్ల ఎత్తుతో మెక్సికో గోల్‌పోస్టు కాచిన హోర్హే కాంపోస్, 176 సెంటీమీటర్లతో సెంటర్ బ్యాక్‌గా ఆడి 2006లో ఇటలీకి ప్రపంచకప్ అందించిన కెప్టెన్ కన్నవారో వంటివారు అరుదు. మీ అబ్బాయి ఆడేది మిడ్‌ఫీల్డ్‌లోనని మీరే రాశారు కనుక ఆ బెంగ మీకు అక్కరలేదు.

అకాడమీ వారు పంపేసినందుకు కుంగిపోవలసిన అవసరమూ లేదు. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో ఒకే తరగతి పిల్లల మధ్య ఎముకల ఎదుగుదలలో రెండు మూడేళ్ల తేడా ఉండటం మామూలే. ముందుగా ఎదిగినవాడిని చూసి ప్రతిభ అనుకోవడం కోచ్‌లు ప్రపంచమంతటా చేస్తున్న పొరపాటే. దాన్ని సరిచేయడానికి ఇంగ్లాండ్ అకాడమీల్లో కొన్ని పోటీలను పుట్టిన తేదీని బట్టి కాక శరీర ఎదుగుదలను బట్టి జట్లు కట్టి ఆడిస్తున్నారు, బెల్జియంలో ఆలస్యంగా ఎదిగే పిల్లలకు జాతీయ స్థాయిలోనే వేరే జట్లు పెట్టారు. గ్రీజ్‌మన్‌ను చిన్నగా ఉన్నాడని ఫ్రాన్స్ క్లబ్బులు ఒకదాని తర్వాత ఒకటి కాదంటే, మీ అబ్బాయి వయసులోనే స్పెయిన్ వెళ్లి రియల్ సొసియెదాద్‌లో చేరాడు, 2018లో అదే ఫ్రాన్స్‌కు ప్రపంచకప్ గెలిచాడు. ఆ జట్టులోనే ఉన్న కాంటే 168 సెంటీమీటర్ల వాడు. పెద్ద అకాడమీలేవీ చేర్చుకోకపోతే పారిస్ శివారులోని ఒక చిన్న క్లబ్బులో ఆడుతూ, అకౌంటింగ్ కూడా చదువుకుంటూ, మెల్లగా పైకి వచ్చాడు. మీ అబ్బాయికీ అలాగే జరుగుతుందని నేను మాట ఇవ్వలేను. అకాడమీల్లో చేరిన పిల్లల్లో చాలా ఎక్కువమంది, ఎంత పొడుగున్నా, ప్రొఫెషనల్ ఆటగాళ్లు కాలేరు.

ఇంజెక్షన్ల సంగతి. మెస్సీకి వేసింది పొట్టిగా ఉన్నాడని కాదు. శరీరంలో ఎదుగుదల హార్మోన్ లోపించిందని పరీక్షల్లో తేలిన తర్వాత, వైద్యుల పర్యవేక్షణలో, ఏళ్ల తరబడి వేశారు. అంత చికిత్స తర్వాత కూడా ఆయన పెరిగింది 170 సెంటీమీటర్ల వరకే. పిల్లల హార్మోన్ల వైద్యుడి దగ్గరికి ఒక్కసారి తీసుకువెళ్లండి. ఎడమ మణికట్టు ఎక్స్‌రేతో ఎముకల వయసు చూస్తారు, ఏడాదికి ఎంత పెరుగుతున్నాడో అడుగుతారు. పెద్దయ్యాక ఎంత ఎత్తు రావచ్చో అంచనా వేయడానికి తల్లిదండ్రుల ఎత్తులు కూడి, మగపిల్లవాడైతే 13 కలిపి, రెండుతో భాగిస్తారు. మీ 166, మీ భార్య 152 వేసి చూస్తే 165 పైచిలుకు వస్తుంది. ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు అటో ఇటో కావచ్చు. లోపమేమీ లేదని వైద్యుడు చెబితే ఇంజెక్షన్ మాట ఆ రోజుతో వదిలేయండి. కడ్డీ ఈరోజే ఊడదీయండి. వేలాడటం వల్ల ఎముక పెరగదు. ఆ పొడులకు పెట్టే డబ్బుతో గుడ్లు కొనండి.

ఇప్పుడు మీరు అడగని విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో ఫుట్‌బాల్ కన్నా మీ అన్నయ్యగారి ప్రస్తావనే ఎక్కువగా ఉంది. మీరిద్దరూ ఒకే ఏడాది ఎస్సై ఎంపికలకు వెళ్లారు. కావలసింది 167.6 సెంటీమీటర్లు, మీరు 166. ఆయన లోపలికి వెళ్లారు, మీరు కొలతల దగ్గరి నుంచే ఇంటికి వచ్చారు. మరడోనా వచ్చినా ఆ బల్ల దగ్గర ఇదే జరిగేదని మీరు నవ్వుకోగలిగి ఉంటే ఈ ఉత్తరం రాసేవారు కాదేమో. ఆయన ఇప్పుడు పోలీసు అధికారి, మీరు రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా. ఆయన కొడుకు మీవాడికన్నా ఆరు నెలలు చిన్న, అప్పుడే 170 దాటాడు. ఏటా సంక్రాంతికి అమ్మగారింట్లో పిల్లలిద్దరినీ వీపులు ఆనించి నిలబెట్టి కొలుస్తారని రాశారు. కొలిచేది ఎవరో మాత్రం రాయలేదు. ఆ కొలిచేది మీరేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

అన్నయ్యగారు మిమ్మల్ని గాని, పిల్లవాడిని గాని ఒక్క మాట అన్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. పైగా కిందటి పండక్కి ఆయన మీవాడికి స్టడ్స్, అంటే ఫుట్‌బాల్ బూట్లు, కొనిచ్చారని, "దయ చూపించారు" అని రాసి, వాటిని పిల్లవాడికి ఇవ్వకుండా బీరువాలో పెట్టానని చెప్పారు. పెద్దనాన్న తమ్ముడి కొడుక్కి బూట్లు కొనిపెట్టడం మన ఇళ్లలో దయ ఎప్పుడైంది? అది ఆయన హక్కు, బాధ్యత కూడా. కుర్రవాడి కాలికి వేసుకోవలసిన వాటిని మీ అభిమానం కోసం తాళం వేసి ఉంచడం నాకు చిన్న విషయంగా కనిపించడం లేదు. ఆ వయసులో పాదాలు త్వరగా పెరుగుతాయి, ఇంకొన్నాళ్లు ఆగితే అవి సరిపోవు కూడా.

తోబుట్టువుల మధ్య ఇలాంటి గాయాలు ఎవరూ ఏమీ చేయకుండానే మిగిలిపోతాయని నాకు తెలుసు, అందుకు మిమ్మల్ని తప్పుపట్టను. ఆ గాయాన్ని పద్నాలుగేళ్ల పిల్లవాడి మీదికి దింపడాన్ని మాత్రం ఒప్పుకోను. అకాడమీ వారు రమ్మన్నది ఇంకాస్త ఎదిగాక. ఆ మాటలో గడువు ఉంది, తలుపు తెరిచే ఉంది. మీకు వినిపించింది మాత్రం పాతికేళ్ల కిందట మీతో అన్న మాట, దానికి గడువు లేదు. మీ భార్య ఆ గీతల మీద సున్నం వేసినందుకు మీరు నొచ్చుకున్నారు. ఆమె చేసింది సరైన పని. మీతో వాదించి పిల్లవాడి ఎదుట మిమ్మల్ని తగ్గించకుండా, పిల్లవాడినీ కాపాడింది. ఆమెకు మీరు ఆ మాట చెప్పాలి.

అన్నయ్యగారికి సంక్రాంతి దాకా ఆగకుండా ఫోన్ చేయండి. బూట్ల సంగతి దాచకుండా చెప్పండి, ఆ ఎస్సై ఎంపికల రోజు సంగతి కూడా చెప్పండి. అది ఆయనకు గుర్తుండకపోవచ్చు, లేదా ఇన్నేళ్లూ మీకు చెప్పుకోలేని ఇబ్బందిగా ఆయన మనసులోనూ ఉండవచ్చు. ఏదైనా సరే, పెద్దవాడు కదా అని ముందు ఆయనే మాట్లాడాలని కూర్చోకండి. ఈ పండక్కి పిల్లలను ఎవరైనా వీపులు ఆనించి నిలబెట్టబోతే, ఆపవలసినవారు మీరే.

ఆట మాన్పించాలా అన్న మూడో ప్రశ్న నన్ను అడగవలసింది కాదు. 2001లో పదమూడేళ్ల మెస్సీని తీసుకుని బార్సిలోనా వెళ్లిన కుటుంబంలో, తల్లి మిగతా పిల్లలతో అర్జెంటీనాలోని సొంతూరు రొసారియోకు తిరిగి వెళ్లిపోయాక, ఉందామా వెళ్లిపోదామా అని తండ్రి కొడుకునే అడిగాడు, ఉంటానని కొడుకే చెప్పాడు. మీరు రాసిన మూడు పేజీల్లో మీ అబ్బాయి ఏమన్నాడో ఒక్క వాక్యం కూడా లేదు. అడగండి. పదో తరగతిలో రోజుకు ఎన్ని గంటలు ఆట, ఎన్ని గంటలు చదువు అన్నది వాడూ మీరూ కూర్చుని రాసుకోండి. అకాడమీ కోచ్ దగ్గరికి ఇద్దరూ వెళ్లండి, ఎత్తు మాట ఎత్తకుండా, ఎడమకాలితో పాస్ ఇవ్వడమో, బంతి రాకముందే చుట్టూ చూడటమో, వచ్చే ఏటికి వాడు ఏం మెరుగుపరచుకోవాలో కనుక్కోండి. ఆ ప్రశ్నను వాడినే అడగనివ్వండి. వైద్యుడి దగ్గరికి వెళ్లేముందు ఆ ఎక్స్‌రే ఎందుకు తీస్తారో, ఎలాంటి జవాబు వచ్చినా ఆట ఆపబోమని, ఇంట్లోనే వాడికి మీ నోటితో చెప్పండి.