నాలుగు పిక్కలు ఎవరు తిన్నారు?

"ఆటలు, సరదా ప్రాజెక్టులు పెట్టి బీటెక్ పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడం నిజంగా పనిచేస్తుందా, టైమ్ వేస్టా?" అని కదా ప్రశ్న. పదకొండేళ్లుగా సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) రెండో సంవత్సరం వాళ్లకు డేటా స్ట్రక్చర్స్, అంటే ప్రోగ్రామ్‌లో డేటాను అమర్చుకునే పద్ధతుల ల్యాబ్ చూస్తున్నాను. పనిచేస్తుంది. కాకపోతే ఆ ఆట పిల్లలకు ముందే ఒంటబట్టినదై ఉండాలి. మనం తెచ్చి రుద్దితే అదీ ఇంకో ల్యాబ్ రికార్డు పనే.

మొదట్లో నేనూ పాయింట్లు, లీడర్‌బోర్డు అంటూ హడావిడి చేశాను. మూడో వారానికల్లా మొదటి ఐదుగురు తప్ప ఇంకెవరూ ఆ చార్టు వైపు చూడలేదు. పాయింట్లు వేసినంత మాత్రాన పాఠం ఆటైపోదు. వర్క్‌షాపులు పెట్టి మాకు పాఠాలు చెప్పేవాళ్లకు ఈ ముక్క ఎప్పుడు ఎక్కుతుందో!

ఒకరోజు సర్క్యులర్ క్యూ, అంటే గుండ్రంగా తిరిగే వరస చెబుతున్నాను. చివరి గడి దాటితే మళ్లీ మొదటి గడికి రావాలని బోర్డు మీద మూడుసార్లు గీశాను. అందరూ తలలూపారు. రాయమంటే ఒక్కరికీ రాలేదు. ఇంతలో కరెంటు పోయింది. ఊరికే కూర్చోలేక "వామన గుంటలు ఎంతమందికి వచ్చు?" అనడిగాను. ఏడెనిమిది చేతులు లేచాయి, అన్నీ ఆడపిల్లలవే. చాక్‌పీసుతో నేల మీద రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు గీశాం. చింతపిక్కలు ఎక్కడ దొరుకుతాయి? పాత పేపర్లు చించి ఉండలు చుట్టాం. గుంటకు ఐదు చొప్పున 70.

పది నిమిషాలకే గొడవ మొదలైంది. గుంటలో నాలుగు చేరగానే తీసేసుకోవచ్చని ఒకమ్మాయి, "మా ఊళ్లో అలా కాదు మేడమ్" అని ఇంకో అమ్మాయి. రూల్స్ ముందే కాగితం మీద పెట్టుకోకపోతే ప్రోగ్రామ్ ఎలా రాస్తారని అడిగాను. రిక్వైర్‌మెంట్స్ అన్న మాట ఎత్తకుండానే ఆ పాఠం అయిపోయింది.

కరెంటు రాగానే ఆటను సీ భాషలో రాయమన్నాను, ముందు పిక్కలు పంచడం వరకే: ఒక గుంటలోవి తీసి తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోవడం. 14 గడుల అర్రే (గడుల వరస), ఇండెక్స్ (గడి నంబరు) సున్నా నుంచి 13 దాకా. ఒక జట్టు 12వ ఇండెక్స్‌లోని ఐదు పిక్కలు తీసి పంచింది. అన్నీ కూడితే 66 వచ్చింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. "నాలుగు పిక్కలు ఎవరు తిన్నారు?" అన్నాను. స్క్రీన్ వదిలేసి నేల మీది గుంటల దగ్గరికెళ్లి వేలితో పంచి చూసుకున్నారు. ఒకటి 13లో పడింది. మిగతా నాలుగూ 14, 15, 16, 17లో, అంటే లేని గుంటల్లో పడ్డాయి. అర్రే దాటి రాస్తున్నా సీ నోరెత్తదు. "13 తర్వాత సున్నా మేడమ్!" అని ఒకమ్మాయి అరిచింది. 14తో మాడ్యులో వేశారు, అంటే 14తో భాగిస్తే మిగిలే శేషాన్నే గడి నంబరుగా తీసుకున్నారు. 70 వచ్చింది. ఆ తర్వాత ప్రతి ఎత్తుకీ మొత్తం 70 ఉందో లేదో చూసుకునే లైను వాళ్లంతట వాళ్లే పెట్టుకున్నారు. నేను చెప్పలేదు.

ల్యాబ్‌లో ఆటలేంటని మా హెచ్‌ఓడీ గారు అడిగారు. 1969లో కెన్ థాంప్సన్ 'స్పేస్ ట్రావెల్' అనే ఆటను పీడీపీ-7 అనే కంప్యూటర్ మీదికి తెచ్చుకునే పనిలోంచే యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు దారి పడిందని చెప్పాను. ఆయన నవ్వి, రికార్డులు పూర్తయ్యాయా అన్నారు.

ఆ రికార్డుల సంగతీ చెప్పాలి. పనిచేసే ప్రోగ్రామ్‌ను చేత్తో కాపీ చేసి, ఔట్‌పుట్ పెన్సిల్‌తో రాసి, చుట్టూ బాక్స్ గీయడం ఏం చదువండీ? ఫైనలియర్ వచ్చేసరికి ఆ పిల్లలే హైదరాబాద్ అమీర్‌పేట వెళ్లి లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అనే రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొస్తారు. కాలేజీ లైబ్రరీ మెట్లెక్కని వాడికి దాని మీద ప్రాజెక్టు! పులి జూదం రాయమంటే కనీసం పులి ఎటు దూకకూడదో వాడికి తెలుసు.

ఆ ఏడాది ల్యాబ్ పరీక్షకు వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్, "13 తర్వాత సున్నా" అని అరిచిన అమ్మాయి ప్రోగ్రామ్ చూసి, "ఇది సిలబస్‌లో ఎన్నో ప్రయోగమమ్మా?" అనడిగారు.

"సర్క్యులర్ క్యూ సార్. పిక్కలు కూడా లెక్కపెట్టుకోవచ్చు" అంది.