మామిడికాయలు కోసే దోటి: మొదటి నమూనాకే త్రీడీ ప్రింట్ కావాలా?

అక్కర్లేదు. దోటికి కొత్త మూతి డిజైన్ చేశానని, నీట్‌గా ప్రింట్ చేయించాకే రైతులకు చూపిస్తానని రాశారు. చిత్తూరులో మాది చిన్న వర్క్‌షాపు, తోట పనిముట్లు చేస్తాం. ఇలాంటి దోటి మేమూ చేశాం కాబట్టి చెప్తున్నా.

మా మొదటి నమూనా అంటే పీవీసీ పైపు, ఇనుప తీగ రింగు, పాత చిక్కం, ఒక బ్లేడు, అంతే. చూడ్డానికి అధ్వానం. కానీ మాకు అప్పుడు తెలియాల్సింది ఒక్కటే: తొడిమ తెగుతుందా, ఊడుతుందా? ఊడితే సొన కారి తొక్క మీద నల్ల మచ్చలు పడతాయి. పల్ప్ ఫ్యాక్టరీకి పోయే తోతాపురికి పెద్దగా పట్టింపు ఉండదు, పండుగా అమ్మే బేనీషా(బంగినపల్లి)కైతే రేటు పడిపోతుంది. ఈమాత్రం తేల్చుకోడానికి ప్రింటర్ ఎందుకు?

దాన్ని తోటలో కోతకొచ్చిన ఒక అక్క చేతికిచ్చి, ఎలా వాడాలో చెప్పకుండా పక్కన నిలబడ్డాం. కిందికి లాగుతుందనుకుంటే ఆమె గడను మెలితిప్పింది. గుబురులో మూతిని పక్కకు తిప్పి దూరిస్తేనే కాయ అందుతుంది మరి. మా గుండ్రటి రింగు ప్రతిసారీ రెమ్మలకు తగులుకుంది. చిక్కంలో మూడు నాలుగు కాయలు పడేసరికి గడ కొస వంగిపోయింది. "పొద్దస్తమానం దీన్ని మొయ్యాలంటే చేతులు పడిపోతాయన్నా" అంది. మేం రింగును కోలగా మార్చింది, చిక్కం చిన్నది చేసింది ఆ పూట చూశాకే.

అదే మెరిసిపోయే వస్తువు ఇచ్చి ఉంటే "బాగుందన్నా" అని పంపించేసేది. అతుకులబొంతను చూస్తే ఇంకా మార్చుకుంటారులే అని మొహమాటం లేకుండా చెప్తారు. నన్నడిగితే నమూనా వికారంగా ఉండటమే మేలు.

త్రీడీ ప్రింట్ కొలతలు కుదిరాక చూసుకోండి. అప్పుడు కూడా ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్‌లలో పీఎల్ఏ రకం వద్దు, పీఈటీజీ రకం అడగండి. పీఎల్ఏ సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, మన మే ఎండలో అద్దాలు మూసిన కారులో వదిలేస్తే వంకరపోవచ్చు. ప్రింట్ పొర మీద పొరగా వస్తుంది కాబట్టి, ఆ పొరలు విడిపోయే దిక్కున బరువు పడకుండా ప్రింట్ చేయమనండి. ఇంజెక్షన్ మౌల్డ్ (కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి నెట్టి చేయడం) మాట మాత్రం అప్పుడే ఎత్తొద్దు. డై, అంటే ఆ అచ్చు, చేయించాక కొలత మారిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇంకోటి, తోతాపురి కోత జూన్, జూలైల్లోనే జోరుగా ఉంటుంది. ఒక్క మూతితో వెళ్లి, అది కుదరక మళ్లీ చేసుకొచ్చేలోపు తోట ఖాళీ అయిపోతుంది. రకరకాల రింగులు ముందే వంచి పెట్టుకుని, ఒకే గడకు మార్చి మార్చి తగిలించేలా తీసుకెళ్లండి.