గువామ్‌లో డ్రోన్ ఎగరేయబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పసిఫిక్‌లోని అమెరికా దీవి గువామ్‌లో కొమ్ము పురుగు దెబ్బ చూసే కొబ్బరి చెట్ల సర్వే పని ఒప్పుకున్నావని తెలిసి చాలా సంతోషమైంది. డ్రోన్ లైసెన్సు కూడా చేతికొచ్చిందన్నావు కాబట్టి ఎగరేయడం గురించి నేను చెప్పాల్సింది తక్కువే. పసిఫిక్ దీవుల్లో కొబ్బరి మొవ్వు తొలిచే ఆ కొమ్ము పురుగు (రైనో బీటిల్) వెంట ఏళ్ల తరబడి తిరిగినవాణ్ణి. ఆ ఫొటోల్లో ఏం చూడాలో, ఏది చూసి తొందరపడకూడదో మాత్రం చెబుతాను.

డ్రోన్‌కి పురుగు కనపడదమ్మా. అది పగలు దాక్కుంటుంది, రాత్రి ఎగురుతుంది. నీకు కనిపించేది అది తిన్న గుర్తు. పెద్ద పురుగు మొవ్వులోకి తొలుచుకుని వెళ్లి, ఇంకా విచ్చుకోని లేత ఆకుల్ని కొరికి రసం పీలుస్తుంది. ముడుచుకుని ఉన్నప్పుడు పడిన ఆ గాటు, మట్ట విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు 'వి' ఆకారపు గంటుగా బయటపడుతుంది. అందుకు నెలలు పడుతుంది. అంటే ఇవాళ తీసిన ఫొటోలో ఉన్నది కొన్ని నెలల కిందటి సంగతి. గంట్లు ఎక్కువగా ఉన్న తోటలో పురుగు ఇప్పుడు లేకపోవచ్చు. గంటు ఒక్కటి కూడా లేని తోటలో నిన్న రాత్రే దిగి ఉండొచ్చు.

అందుకే మట్టలన్నిటినీ ఒకే గాటన కట్టకు. బాగా పెరిగే కొబ్బరి చెట్టు దాదాపు నెలకో మట్ట వేస్తుంది. మొవ్వు నుంచి కిందికి లెక్కపెట్టుకుంటూ వస్తే ఏ గంటు సుమారు ఎప్పటిదో చెప్పొచ్చు. లేత మట్టలు శుభ్రంగా ఉండి, కిందికి వాలిన ముదురు మట్టల్లోనే గంట్లుంటే దాడి తగ్గినట్టు. ముదురు మట్టలు బాగుండి లేతవి చీలికలుగా ఉంటే దాడి కొత్తగా మొదలైనట్టు. 'దెబ్బ తిన్న చెట్టు, తినని చెట్టు' అని రెండే గడులు పెట్టి పట్టిక నింపితే ఈ తేడా మొత్తం పోతుంది. ఎవరు ఆ పట్టిక ఇచ్చినా సరే, లేత మట్టలకు వేరే గడి అడిగి పెట్టించుకో.

ఫొటో తీసే కోణం కూడా దీన్నిబట్టే ఉండాలి. సరిగ్గా పైనుంచి కిందికి తీస్తే నిలువుగా నిలబడ్డ లేత మట్టలు సన్న గీతల్లా కనిపిస్తాయి, గంట్లు దాగిపోతాయి. కెమెరాను వాల్చి, చెట్టు తలను పక్క నుంచి తీయి. వీలైతే రెండు వైపుల నుంచి. ఫొటోలన్నీ అతికించి పెద్ద మ్యాప్ చేసే సాఫ్ట్‌వేర్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకు. గాలికి మట్టలు ఊగుతుంటే అతుకుల దగ్గర ఆకులు చెదిరిపోయి, లేని గంట్లు కనిపిస్తాయి, ఉన్నవి మాయమవుతాయి. మ్యాప్ చెట్లు లెక్కపెట్టడానికి, మోడులు గుర్తించడానికి పనికొస్తుంది. గంట్లకు మాత్రం విడి ఫొటోలే చూడు.

ఒక అంగుళం సెన్సర్, 20 మెగాపిక్సెళ్లున్న కెమెరాతో 100 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఫొటోలో ఒక్కో చుక్కలో (పిక్సెల్‌లో) పడేది సుమారు 2.7 సెంటీమీటర్లు. 30 మీటర్లకు దిగితే సెంటీమీటరు లోపే. అయితే ఈ దూరం చెట్టు తల నుంచి లెక్కపెట్టు, నేల నుంచి కాదు. సిగ్నల్ పోతే డ్రోన్ తనంతట తాను తిరిగి వచ్చే ఎత్తును ఆ చుట్టుపక్కల అతి పొడవైన చెట్టుకన్నా బాగా పైన పెట్టుకో. ఒకసారి ఎంచుకున్న ఎత్తు, కోణం, దారి మళ్లీ మార్చొద్దు. మారిస్తే పోయిన విడతతో పోల్చడానికి ఏమీ మిగలదు.

ఇక డ్రోన్ అసలు విలువ ఎక్కడుందో చెబుతాను. కొమ్ము పురుగు పసిఫిక్‌లోకి మొదట 1909లో సమోవాకు వచ్చింది, శ్రీలంక నుంచి తెచ్చిన రబ్బరు మొక్కలతో. గువామ్‌లో 2007లో టుమోన్ ప్రాంతంలో దొరికింది. వేరే దీవుల్లో దాన్ని అదుపులో పెట్టిన వైరస్ గువామ్‌కు వచ్చిన పురుగు రకం మీద పనిచేయలేదు. తర్వాత 2015లో డాల్ఫిన్ తుఫాను చెట్లు కూల్చేసింది. కుళ్లుతున్న ఆ దుంగల్లో, చెత్తకుప్పల్లో పురుగు విపరీతంగా పెరిగింది. ఒక్కో ఆడపురుగు యాభైకి పైగా గుడ్లు పెట్టగలదు. పురుగు చెట్టును చంపుతుంది, చచ్చిన చెట్టు మరిన్ని పురుగుల్ని పెంచుతుంది. ఈ చక్రం ఎక్కడైనా తెగాలంటే అది పిల్ల పురుగులు పెరిగే చోటే తెగాలి. 2023 మేలో మావర్ తుఫాను మళ్లీ దీవిని కుదిపింది కాబట్టి మోడుల మీద కన్నేసి ఉంచడం మరీ ముఖ్యం.

తల ఊడిపోయి నిలబడ్డ మోడు అడవిలో నడిచేవాడికి పదడుగుల దూరంలో ఉన్నా కనపడదు. పైనుంచి చూస్తే వెంటనే తెలిసిపోతుంది. పొదల వెనక పోసిన కొమ్మల కుప్పలూ అంతే. గంట్ల లెక్క రిపోర్టుకు పనికొస్తుంది. మోడుల జాబితా ఆ వారంలోనే నరికి ముక్కలు చేసే మనుషులకు పనికొస్తుంది. ఏ రోజైనా బ్యాటరీలు తక్కువపడి రెండిట్లో ఒకటే చేయగలిగితే మోడులే వెతుకు.

జాబితా చేతికొచ్చాక నడిచి వెళ్లాల్సిందే. మోడును చీల్చి చూడు, కుప్పను తవ్వి చూడు, పిల్ల పురుగులుంటే లెక్క రాయి, లేకపోతే లేవని రాయి. గువామ్‌లో బతికున్న చెట్టు తలలో చేరిన చెత్తలో కూడా ఈ పురుగు అన్ని దశల్లో దొరికింది. కాబట్టి నేల మీద ఏమీ దొరకలేదని ఆ తోటను కొట్టేయకు.

రోడ్ల పక్క చెట్ల కోసం మాత్రం డ్రోన్ దండగ. గువామ్‌లోనే కారుకు కెమెరా బిగించి వీడియో తీసి, గంట్లను కంప్యూటర్‌తో గుర్తించే పద్ధతి వాడారు. చౌక, వేగం. రోడ్డు లేని చోటికే నీ బ్యాటరీలు దాచుకో.

రేపు ఇంకో దీవికి పిలుస్తారు, అందుకే ఇది కూడా చెబుతున్నాను. పురుగు ఇంకా రాని చోట డ్రోన్‌ని కాపలాగా నమ్మొద్దు. గంటు కనిపించేసరికే నెలలు దాటిపోయి ఉంటాయి. హవాయిలో 2013లో ఓవాహు దీవిలో బయటపడిన పురుగు 2023కల్లా కవాయి, మావి, బిగ్ ఐలాండ్‌లలో కూడా దొరికింది. కొత్త దీవికి రేవుల దగ్గర, కంపోస్టు వచ్చే చోట ఎర బుట్టలు, వాసన పట్టే కుక్కలు, సరుకు తనిఖీ ఇవే ముందుండాలి. ఇక దీవులకు ఇలాగే బయటి నుంచి వచ్చే చిన్న నిప్పు చీమ (లిటిల్ ఫైర్ యాంట్) లాంటివాటికి డ్రోన్ ఫొటో వృథా. మిల్లీమీటరున్నర ఉండే చీమకు పల్లీ వెన్న రాసిన పుల్లలు పెట్టి చూడటమే దారి.

కంప్యూటర్‌కి గంట్లు గుర్తుపట్టడం నేర్పిస్తామని మీవాళ్లు అంటారు, మంచిదే. గాలికి చిరిగిన ఆకుల ఫొటోలు, పోషకాలు తక్కువై పసుపెక్కిన మట్టల ఫొటోలు కూడా బోలెడు ఇచ్చి నేర్పించమను. ముందు మాత్రం ఇద్దరు మనుషులు ఒకరి మార్కులు ఒకరు చూడకుండా అవే చెట్లకు ఎంత దెబ్బ తగిలిందో మార్కులు వేయాలి. మీ ఇద్దరికే కుదరనప్పుడు మెషీన్‌కి ఏం నేర్పుతారు?

రూల్స్ నీకు తెలుసు: 400 అడుగులు దాటకూడదు, డ్రోన్ కళ్లముందే ఉండాలి. ఉత్తరాన ఆండర్సన్ వైమానిక స్థావరం, మధ్యలో విమానాశ్రయం ఉన్నాయి కాబట్టి ఎగరేసే ముందు ప్రతిసారీ అనుమతి చూసుకో. పొద్దున్నే గాలి తక్కువ. పల్చటి మబ్బు ఉంటే ఇంకా మంచిది, నీడలు పడవు. సముద్రం పక్కన ఎగరేసిన రోజు ఉప్పు తుడవకుండా పెట్టెలో పెట్టకు.

ఊరి మేయర్ ఆఫీసుకు వెళ్లి ముందే చెప్పు. గువామ్ మూలవాసులైన చమోరో కుటుంబాలకు తమ లాంచో, అంటే తరతరాల తోట, ఎంత ప్రాణమో నువ్వే చూస్తావు. వాళ్ల నెత్తి మీద చెప్పాపెట్టకుండా కెమెరా తిప్పడం తప్పు. ఇంట్లో మనుషులు ఫొటోలో పడితే చెరిపేయి. ఫలితం వచ్చిన వారంలోనే వెళ్లి ఏ చెట్టు బతుకుతుంది, ఏ మోడు కొట్టేయాలి అని వాళ్లకు చూపించు. కుప్ప మీద చేపల వల కప్పితే పైకొచ్చే పురుగులు చిక్కుకుంటాయని చెప్పు, అది అక్కడ ఇప్పటికే చాలామంది చేస్తున్నదే.

మొదటి విడత ఫొటోల్లో ఒక తోటవి నాకు పంపు. నీ మార్కులు పెట్టకుండా పంపు. నేను వేసినవీ నువ్వు వేసినవీ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ మావయ్య